ఎవరీ క్రిస్మస్ తాత?

డిసెంబరు వచ్చిందంటే ఎర్ర కోటు, తెల్ల గడ్డం, భుజాన సంచితో క్రిస్మస్ తాత మన ఊళ్ళ చర్చిల ముందు కూడా కనిపిస్తాడు. పిల్లలకు చాక్లెట్లు పంచుతాడు. గడ్డం వెనుక ఉన్నది మన ఊరి కుర్రాడేనని పిల్లలకూ తెలుసు. అయితే ఈ వేషానికి మూలపురుషుడు ఒకాయన ఉన్నాడు. ఆయన మంచు దేశం వాడు కాడు. నేటి టర్కీ దేశపు దక్షిణ తీరాన ఉన్న మైరా పట్టణానికి బిషప్పు. పేరు నికొలస్.

సుమారు 1700 ఏళ్ళ కిందటి మాట. పతారా అనే రేవు పట్టణంలో కలిగిన కుటుంబంలో పుట్టాడు. తల్లిదండ్రులు పోవడంతో చిన్న వయసులోనే ఆస్తి చేతికొచ్చింది. ఆయన చరిత్ర రాసినవారంతా వందల ఏళ్ళ తర్వాతి వారు. అందుచేత జరిగింది ఎంతో, భక్తులు చెప్పుకున్నది ఎంతో విడదీయడం కష్టం. ఒక కథ మాత్రం దేశదేశాలు తిరిగింది.

ఆ ఊళ్ళో బాగా బతికి చెడిన గృహస్థు ఒకడున్నాడు. ముగ్గురు కూతుళ్ళు. అక్కడా కట్నం లేనిదే పెళ్ళి లేదు. తిండికే జరగక, ఆ పిల్లలను చెడు వృత్తికి పంపక తప్పదనే స్థితికి వచ్చాడు తండ్రి. సంగతి నికొలస్ చెవిన పడింది. ఒక రాత్రి ఆ ఇంటి కిటికీలోంచి బంగారు నాణేల మూట లోపలికి విసిరి వెళ్ళిపోయాడు. పెద్దపిల్ల పెళ్ళి అయింది. మరో రాత్రి రెండో మూట పడింది. మూడోసారి తండ్రి నిద్ర మానుకుని కాపు కాశాడు. మూట పడగానే వెంటపడి పట్టుకుని, మనిషిని గుర్తుపట్టి కాళ్ళ మీద పడ్డాడు. తాను బతికుండగా ఈ సంగతి ఎవరికీ చెప్పనని నికొలస్ అతనిచేత మాట తీసుకున్నాడు. ఫ్యాను రెక్కల మీద కూడా దాత పేరు రాయించే కాలం మనది. బంగారం కంటే ఆ మాట తీసుకోవడమే నాకు పెద్దదిగా తోస్తుంది.

తర్వాతి వాళ్ళు కిటికీని పొగగొట్టంగా మార్చారు. మూట వచ్చి ఆరేసిన మేజోడులో పడిందన్నారు. విదేశాల్లో పిల్లలు క్రిస్మస్ రాత్రి మేజోళ్ళు వేలాడదీయడానికి ఈ కథే కారణమంటారు.

కరువు కాలంలో మైరా రేవుకు ధాన్యపు ఓడలు వచ్చాయి. సరుకు రాజధానికి చేరాలి. కొలత తగ్గితే సర్కారుకు జవాబు చెప్పాలని నావికులు భయపడ్డారు. నికొలస్ నచ్చజెప్పి ప్రతి ఓడ నుంచీ కొంత ధాన్యం దింపించాడు. అక్కడ కొలిస్తే గింజ తగ్గలేదట. నిరపరాధులైన ముగ్గురిని నరకబోతుంటే తలారి చేతి కత్తి పట్టుకుని ఆపాడనీ చెబుతారు. క్రైస్తవులను హింసించిన డయొక్లీషియన్ చక్రవర్తి కాలంలో జైలుకూ వెళ్ళాడంటారు. 343 ప్రాంతంలో డిసెంబరు 6న కన్నుమూశాడని సంప్రదాయం.

1087లో ఇటలీలోని బారి పట్టణపు నావికులు సమాధి పగలగొట్టి ఆయన ఎముకలు ఎత్తుకుపోయారు. అక్కడ పెద్ద గుడి కట్టారు. హాలెండు వాళ్ళు ఆయన్ని సింటర్ క్లాస్ అన్నారు. అమెరికా చేరాక అది సాంటా క్లాజ్ అయింది. 1823లో అక్కడి పత్రికలో అచ్చయిన ఒక పాట ఆయనకు జింకలు లాగే బండి ఇచ్చింది. 1863 నుంచి థామస్ నాస్ట్ అనే చిత్రకారుడు లావుపాటి గడ్డం తాతగా బొమ్మలు గీశాడు. సన్నటి బిషప్పు అలా బొజ్జ తాత అయ్యాడు.

మైరాను ఇప్పుడు దెమ్రే అంటారు. పాత చర్చి, అందులో పగిలిన రాతి సమాధి నేటికీ ఉన్నాయి.