విలియం గోర్గాస్

అట్లాంటిక్, పసిఫిక్ మహాసముద్రముల నడుమ పనామా యను సన్నని భూభాగము కలదు. ఆ రెండు సముద్రములను కలుపు కాలువను త్రవ్వుటకు 1881లో ఫ్రెంచివారు పూనుకొనిరి. ఎనిమిదేండ్లలో సుమారు 20,000 మంది పనివారు మరణించిరి. వారిలో పెక్కుమందిని బలిగొన్నవి జ్వరములే. ధనము కూడ అడుగంటుటచే పని నిలిచిపోయెను. తరువాత ఆ కార్యమునకు దారి చేసినవాడు విలియం గోర్గాస్ అను వైద్యుడు.

గోర్గాస్ 1854లో అమెరికాలోని అలబామా రాష్ట్రమున జన్మించెను. తండ్రివలె సైనికుడు కావలెనని అతని కోరిక. సైనిక కళాశాలలో చోటు దొరకకపోగా, వైద్యము నభ్యసించి సైన్యములో వైద్యుడుగా చేరెను. 1882లో అతనికి ఎల్లో ఫీవర్ అను పీతజ్వరము సోకెను. ప్రాణము దక్కినది. ఒకసారి సోకినవారికి ఆ వ్యాధి మరల రాదు. కావున పీతజ్వరమున్న చోట్లకు వెళ్లుటకు అతడు వెనుదీయలేదు.

1898లో అతడు క్యూబా రాజధానియగు హవానాకు ఆరోగ్యాధికారిగా వెళ్లెను. మురికియే జ్వరమునకు మూలమని నమ్మి వీధులన్నియు శుభ్రము చేయించెను. నగరము అద్దమువలె మెరిసెను. జ్వరము మాత్రము తగ్గలేదు. పీతజ్వరమును దోమ వ్యాపింపజేయునని కార్లోస్ ఫిన్లే యను క్యూబా వైద్యుడు 1881లోనే చెప్పియుండెను. 1900లో వాల్టర్ రీడ్ బృందము ప్రయోగములచే దానిని నిరూపించెను. గోర్గాస్ మొదట సందేహించినను, నిదర్శనము కనబడగానే తన పాత నమ్మకమును విడిచిపెట్టెను.

సత్యము తెలిసినంత మాత్రమున రోగము పోదు. ఆ దోమ ఇండ్లలోని తొట్లలో, కుండలలో నిలువయుండు నీటిలో గ్రుడ్లు పెట్టును. గోర్గాస్ నగరమును భాగములుగా విభజించి, ప్రతి భాగమునకు తనిఖీదారుల నియమించెను. వారు ఇంటింటికి పోయి నీటిపాత్రల లెక్క వ్రాసికొనిరి, మూతలు పెట్టించిరి, నిలువనీటిపై నూనె పోసిరి. రోగిని దోమలు చొరని గదిలో నుంచిరి. పురుగులు కనబడిన యింటివారికి జరిమానా విధించిరి. 1901 ఫిబ్రవరిలో మొదలైన ఈ పనివలన సెప్టెంబరు నాటికి హవానాలో పీతజ్వరము మాయమయ్యెను.

1904లో గోర్గాస్ పనామా చేరెను. మలేరియాకు కూడ దోమయే కారణమని రొనాల్డ్ రాస్ 1897లో మన సికింద్రాబాదులో చేసిన పరిశోధన వెల్లడించియుండెను. అయినను పై అధికారులు దోమలపై ధనము వెచ్చించుట వృథా యనిరి. 1905లో పీతజ్వరము ప్రబలెను. పనివారు భయపడి ఓడలెక్కి పారిపోయిరి. గోర్గాస్‌ను తొలగింపవలెనని అధికారులు కోరిరి. కాని అధ్యక్షుడు రూజ్వెల్ట్ అతనినే నిలిపెను. ప్రధాన యింజనీరు జాన్ స్టీవెన్స్ వలసిన మనుష్యులను, సామగ్రిని ఇచ్చెను. కాలువలు త్రవ్వి నిలువనీటిని పారించిరి. కిటికీలకు తీగవలలు బిగించిరి. గొట్టములద్వారా మంచినీరు తెచ్చిరి. కుళాయిలు రాగా ఇండ్లలో తొట్ల యవసరము తగ్గెను. 1905 నవంబరు తరువాత పనామా నగరములో పీతజ్వరముచే ఎవరును చనిపోలేదు. మలేరియా పూర్తిగ పోలేదు గాని బాగుగ తగ్గెను. వెస్టిండీస్ నుండి వచ్చిన కూలీలలో మాత్రము మరణములు తెల్లవారిలో కంటె హెచ్చుగనే యుండెను.

1914లో కాలువ తెరువబడెను. 1920లో గోర్గాస్ లండనులో వ్యాధిగ్రస్తుడై యుండగా, ఐదవ జార్జి చక్రవర్తి ఆసుపత్రికి వచ్చి అతనిని సన్మానించెను. ఆ సంవత్సరమే అతడు మరణించెను.

దోమ రహస్యమును కనుగొన్నవారు వేరొకరు. ఆ రహస్యమును ప్రతి యింటి నీటితొట్టి వరకు కొనిపోయినవాడు గోర్గాస్.