గాలికి పట్టం కట్టిన పశువైద్యుడు

బండికి చక్రం ఎట్లాగో, చక్రానికి నేమి అట్లాంటిది. ఆకులు ఎంత గట్టివైనా, ఇరుసు ఎంత నునుపైనదైనా నేలతో తలపడేది నేమి మాత్రమే. అది అరిగిపోకుండా పూర్వులు దానికి ఇనుప పట్టా బిగించారు. శతాబ్దాల తరబడి అంతకు మించిన రక్షణ చక్రానికి దొరకలేదు. నేలకూ చక్రానికీ నడుమ ఇనుముకు బదులు గాలిని నిలపవచ్చుననే ఊహ పంతొమ్మిదవ శతాబ్దిలో గాని మానవునికి తట్టలేదు. ఆ ఊహను లోకమంతటా ఆచరణలోకి తెచ్చినవాడు యంత్రశాస్త్రజ్ఞుడు కాడు. గుర్రాలకు, ఆవులకు చికిత్స చేసుకుంటూ బతికిన ఒక పశువైద్యుడు. ఆయనే జాన్ బాయ్డ్ డన్‌లప్.

డన్‌లప్ 1840 ఫిబ్రవరి 5వ తేదీన స్కాట్లాండులోని ఎయిర్‌షైర్ ప్రాంతంలో, డ్రెగ్‌హార్న్ గ్రామంలో ఒక వ్యవసాయ కుటుంబంలో జన్మించాడు. నెలలు నిండకముందే పుట్టిన కారణంగా ఆరోగ్యం విషయంలో జాగ్రత్తగా ఉండవలసినవాడని ఇంటివారు భావించేవారు. ఎడింబరోలో పశువైద్యం అభ్యసించి, పందొమ్మిదేళ్ల ప్రాయంలోనే అర్హత పొందాడు. 1867లో ఐర్లాండుకు తరలివెళ్లి, మొదట డౌన్‌పాట్రిక్‌లో సోదరునితో కలిసి, తరువాత బెల్‌ఫాస్ట్ నగరంలోని మే వీధిలో పశువైద్యశాల నడిపాడు. 1871లో మార్గరెట్ స్టీవెన్సన్‌ను వివాహమాడాడు. వారికి ఒక కుమార్తె, ఒక కుమారుడు. వైద్యశాల బాగా సాగింది. నలభై ఏడేళ్లు వచ్చేవరకు ఆయన జీవితంలో చరిత్రకు ఎక్కదగిన సంఘటన ఏదీ లేదనే చెప్పాలి.

ఆనాటి బెల్‌ఫాస్ట్ వీధులు రాళ్లు పరిచినవి. సైకిళ్లకు గట్టి రబ్బరు పట్టాలు ఉండేవి. ముందు చక్రం మనిషి ఎత్తున ఉండే పాత సైకిలు పోయి, రెండు చక్రాలూ సమానంగా ఉండే కొత్త సైకిలు 1885లో వచ్చింది. పడిపోతామనే భయం తగ్గింది గాని, చక్రం చిన్నదైనకొద్దీ రాళ్ల అదురు ఎక్కువైంది. తొమ్మిది, పదేళ్ల వయసున్న డన్‌లప్ కుమారుడు జాని తన మూడు చక్రాల సైకిలు మీద ఆ వీధుల్లో తిరిగేవాడు. కుమారుని బండికి కుదుపులు తగ్గించి, వేగం పెంచే ఉపాయం ఏమిటా అని తండ్రి ఆలోచించాడు.

1887 అక్టోబరులో ఆయన ఒక ప్రయోగం చేశాడు. సుమారు 96 సెంటీమీటర్ల అడ్డుకొలత గల చెక్క పళ్లెం ఒకటి తీసుకున్నాడు. పలుచని రబ్బరు రేకుతో గొట్టం తయారుచేసి పళ్లెం అంచు చుట్టూ అమర్చాడు. ఆ గొట్టంపై నారబట్ట చుట్టి, అంచులను మేకులతో చెక్కకు బిగించి, ఫుట్‌బాల్ పంపుతో గాలి నింపాడు. వృత్తిరీత్యా రబ్బరుతో పనిచేసిన అనుభవం ఉండటం వల్ల ఆ పని ఆయనకు కొత్త కాలేదు. పిదప కుమారుని బండి చక్రాన్ని ఒకదానిని విప్పి, దానినీ తన చెక్క చక్రాన్నీ పెరటిలో ఒకేసారి దొర్లించాడు. బండి చక్రం కొంతదూరం పోయి పడిపోయింది. గాలి చక్రం పెరడంతా దాటి, అవతలి గుంజకు తగిలి వెనక్కు ఎగిరింది.

దీనిలోని రహస్యం తేలికగానే బోధపడుతుంది. గట్టి చక్రం రాయికి తగిలినప్పుడు బండి మొత్తం, దానిపై మనిషితో సహా, పైకి లేచి కిందపడుతుంది. అలా లేపడానికి ఖర్చయిన శక్తి ముందుకు పోవడానికి అక్కరకు రాదు. గాలి చక్రమైతే రాయి తగిలిన చోట మాత్రమే లోపలికి నొక్కుకుంటుంది. రాయి దాటగానే ఆ నొక్కు విడిపోతుంది. బండి దాదాపు సమంగా సాగిపోతుంది. మెత్తదనం వేగాన్ని తగ్గిస్తుందని అందరూ అనుకునే కాలంలో ఆయన పెరటిలో కనబడినది దానికి సరిగ్గా విరుద్ధమైనది.

1888లో డన్‌లప్ తన ఉపజ్ఞకు పేటెంటు పొందాడు. అయినా లోకం నమ్మడానికి ఒక పందెం కావలసి వచ్చింది. బెల్‌ఫాస్ట్ సైకిలు సంఘానికి నాయకుడైన విలియం హ్యూమ్ ఈ గాలి టైర్లున్న సైకిలు కొన్నాడు. 1889 మే 18న క్వీన్స్ కళాశాల మైదానంలో అతడు లావుపాటి టైర్ల బండితో దిగినప్పుడు ప్రేక్షకులు నవ్వారట. నాలుగు పందేలలోనూ అతడే గెలిచాడు. ఓడినవారిలో డబ్లిన్‌కు చెందిన హార్వీ డ్యు క్రోస్ అనే వ్యాపారి కుమారులూ ఉన్నారు. ఆ వ్యాపారి నవ్వలేదు, ఆలోచించాడు. ఆ సంవత్సరమే డన్‌లప్ పేటెంటు ఆధారంగా డబ్లిన్‌లో ఒక కంపెనీ ఏర్పడింది. పేటెంటుకు ప్రతిఫలంగా డన్‌లప్‌కు అందులో కొన్ని వాటాలు దక్కాయి.

అంతలో పిడుగు పడింది. గాలి చక్రం డన్‌లప్ కంటే నలభై ఏళ్లకు పైగా ముందే పుట్టిందని, అందువల్ల ఆయన పేటెంటు చెల్లదని 1890లో తేలిపోయింది. స్కాట్లాండుకే చెందిన రాబర్ట్ విలియం థామ్సన్ 1845లో, తన ఇరవై మూడవ ఏట, రబ్బరు పూసిన కాన్వాసు గొట్టానికి తోలు తొడుగు వేసి గుర్రపు బండి చక్రాలకు అమర్చి పేటెంటు పొందాడు. లండన్‌లోని రీజెంట్స్ పార్కులో నడిపి చూపించాడు కూడా. అయితే ఆ రోజుల్లో సైకిళ్లు లేవు, పలుచని మంచి రబ్బరు దొరకదు. కొనేవారు లేక ఆ చక్రం మరుగున పడింది. థామ్సన్ 1873లో యాభై ఏళ్లకే కన్నుమూశాడు. డన్‌లప్‌కు అతని సంగతి తెలియదు. ఇద్దరిలో ఎవరిది ఘనత అనే చర్చ నేటికీ వినబడుతుంటుంది. ఊహించినవాడు మొదటివాడే, సందేహం లేదు. కాని వేరొకరు పారవేసిన దారిని, అది ఉన్నదని కూడా తెలియక, మళ్లీ మొదటినుంచి తవ్వి ఊరికి చేర్చినవానిని తక్కువ చేయడం న్యాయం కాదు.

పేటెంటు పోయినా కంపెనీ నిలిచింది. నిలవడానికి కారణం డన్‌లప్ టైరులోని ఒక పెద్ద లోపమే కావడం విశేషం. ఆయన టైరును చక్రానికి జిగురుతో అతికించేవారు. ముల్లు దిగితే బట్ట పొరలన్నీ ఊడదీసి, లోపలి గొట్టం బయటికి తీసి, అతుకు వేసి, మళ్లీ అంటించి ఆరబెట్టాలి. మన ఊరి సైకిలు షాపులో రెండు ఇనుప పట్టీలతో టైరు అంచు లేపి, ట్యూబు లాగి, నీళ్ల తొట్టిలో ముంచి, బుడగలు వచ్చిన చోట ప్యాచ్ వేసి పావుగంటలో పంపించే పని ఆనాడు గంటల తరబడి సాగేది. 1890లో చార్లెస్ కింగ్‌స్టన్ వెల్చ్ టైరు అంచుల్లో తీగ పెట్టి, చక్రపు గాడిలో కూర్చునేటట్లు చేశాడు. ఆ సంవత్సరమే విలియం బార్ట్‌లెట్ మరొక పద్ధతి కనుగొన్నాడు. ఆ రెండు హక్కులనూ కంపెనీ కొనివేసింది. నేడు మనం వాడే సైకిలు టైరు అంచులోని తీగ వెల్చ్ చేసిన ఏర్పాటే. 1891లో ఫ్రాన్సులో మిషెలిన్ సోదరులు కూడా ఊడదీయడానికి వీలైన టైరును తెచ్చారు. ఆ ఏడు పారిస్ నుంచి బ్రెస్ట్‌కు పోయి తిరిగివచ్చే సుదీర్ఘ పందెంలో దానిని వాడిన షార్ల్ తెరాఁ గెలిచాడు.

నేసిన బట్టలో పడుగు, పేక దారాలు ఒకదానినొకటి నిత్యం రాచుకొని తెగిపోయేవి. అడ్డంగా అల్లకుండా దారాలను పొరలు పొరలుగా పక్కపక్కన పరిచే పద్ధతి వచ్చిన తరువాత టైరు ఆయువు పెరిగింది. రబ్బరులో నల్లని కార్బన్ పొడి కలపడంతో తొక్కు అరుగుదల తగ్గింది. టైర్ల నలుపు అక్కడిదే. 1965లో అమెరికాలో స్టెఫనీ క్వోలెక్ అనే రసాయన శాస్త్రవేత్త కనుగొన్న కెవ్లార్ వంటి దృఢమైన దారాలను నేడు తొక్కు కింద పట్టీగా వేస్తున్నారు. నిత్యం పనికి సైకిలుపై పోయేవారికి, దేశాలు చుట్టేవారికి అవి గాజుపెంకుల నుంచి, ముళ్ల నుంచి రక్షణ. కొన్ని టైర్లలో మందమైన మెత్తని రబ్బరు పొర వేసి ముల్లును ట్యూబు దాకా రానివ్వరు. అయితే బరువు పెరుగుతుంది, పరుగు కొంత మందగిస్తుంది. పందెగాడు పలుచని టైరును, బాటసారి మందపు టైరును ఎంచుకోవడం అందుకే.

టైరు చరిత్రలో చీకటి పుట ఒకటి ఉన్నది. దానిని దాటవేసి ఈ పాఠం ముగించడం సమంజసం కాదు. సైకిళ్లకూ, తరువాత మోటారు కార్లకూ టైర్లు కావలసి రావడంతో రబ్బరు గిరాకీ ఆకాశాన్ని అంటింది. బెల్జియం రాజు రెండవ లియోపోల్డు తన సొంత ఆస్తిగా పాలించిన ఆఫ్రికాలోని కాంగోలో అడవి తీగల పాలు తేవడానికి గ్రామానికి ఇంత అని లెక్క కట్టారు. లెక్క తగ్గితే స్త్రీలను బందీలుగా పట్టారు, మనుషులను చంపారు, చేతులు నరికారు. డబ్లిన్‌లో పుట్టిన రోజర్ కేస్‌మెంట్ అక్కడికి వెళ్లి విచారించి సమర్పించిన నివేదిక 1904లో వెలువడి లోకాన్ని నిర్ఘాంతపరచింది. 1908లో ఆ ప్రాంతం రాజు చేతినుంచి తప్పింది. డన్‌లప్‌కు ఈ పాపంలో పాలు లేదు. కాని ఒక పిల్లవాని సుఖప్రయాణం కోసం పెరటిలో మొదలైన వస్తువు మరొక ఖండంలో ఎవరి చేతులను తీసుకున్నదో తెలుసుకోవడం చదువరుల ధర్మం. అనంతర కాలంలో మలయా రబ్బరు తోటలు విస్తరించినప్పుడు కూలికి పోయినవారిలో తెలుగువారూ ఉన్నారు. వారి సంతతి నేటికీ మలేషియాలో తెలుగు మాట్లాడుతున్నది.

కంపెనీ పెరిగినకొద్దీ డన్‌లప్‌కూ డ్యు క్రోస్ వర్గానికీ పొసగలేదు. 1895లో ఆయన కంపెనీ నుంచి తప్పుకొని వాటాలు అమ్మివేశాడు. మరుసటి ఏడే ఆ వ్యాపారం 30 లక్షల పౌండ్లకు చేతులు మారింది. ఆ ఐశ్వర్యంలో ఆయన భాగం స్వల్పమే. గడ్డంతో కూడిన ఆయన ముఖచిత్రాన్ని మాత్రం కంపెనీ తన ముద్రగా వాడుకున్నది. మనిషి వెళ్లిపోయాడు, పేరు మిగిలింది. ఆ పేరుతోనే 1936లో బెంగాలులోని హుగ్లీ తీరాన, షాగంజ్‌లో టైర్ల కర్మాగారం వెలసి కొన్ని దశాబ్దాలపాటు నడిచింది. మన పల్లెల్లో ఇనుప పట్టా చక్రాలకు బదులు గాలి టైర్లతో వచ్చిన టైరు బండి ఎడ్ల మెడపై భారం తగ్గించింది. పశువుల బాధ తెలిసిన వైద్యుని ఉపజ్ఞకు ఇంతకంటే తగిన చోటు వేరొకటి ఉంటుందనుకోను.

డన్‌లప్ చివరి సంవత్సరాలు డబ్లిన్‌లో గడిపాడు. అక్కడ ఒక బట్టల వ్యాపారంలో ఆయనకు వాటా ఉండేది. 1921 అక్టోబరు 23వ తేదీన బాల్స్‌బ్రిడ్జిలోని స్వగృహంలో మరణించాడు. గాలి టైరు చరిత్రను గురించి ఆయన రాసుకున్న పుస్తకం ఆయన పోయిన తరువాతనే అచ్చయింది. ఉత్తర ఐర్లాండులోని ఒక బ్యాంకు తన పది పౌండ్ల నోటుపై ఆయన బొమ్మ వేసింది. ఆయన సమాధి డబ్లిన్ సమీపంలోని డీన్స్ గ్రేంజ్ శ్మశానవాటికలో ఉన్నది.