ఢాకా యాసకు దక్కిన గౌరవం.. భాను బందోపాధ్యాయ

ఎన్టీఆర్ 'యమగోల' (1977) మూలకథ కలకత్తా నుంచి వచ్చింది. 1958 నాటి బెంగాలీ చిత్రం 'జమాలయే జీబంత మానుష్'లో బతికుండగానే యమలోకానికి వెళ్లి అక్కడి పాలనను తలకిందులు చేసినవాడు భాను బందోపాధ్యాయ. రేలంగి కథానాయకుడిగా 1953లో వచ్చిన 'పక్కింటి అమ్మాయి'కి మాతృకైన 'పాషేర్ బాడి'లోనూ ఆయన నటించారు. తెలుగువారు ఆయన పేరు వినకుండానే ఆయన సినిమాలకు నవ్వుకున్నారన్నమాట. బెంగాల్‌లో మాత్రం భాను అంటే చాలు, ఇంటిపేరు అక్కర్లేదు.

అసలు పేరు సామ్యమయ్. 1920లో పుట్టారు, సొంత ప్రాంతం ఢాకా దగ్గరి విక్రమ్‌పూర్. చిన్నతనంలోనే విప్లవకారుడు దినేశ్ గుప్తాకు దగ్గరయ్యారు. రైటర్స్ బిల్డింగ్‌పై దాడి చేసిన దినేశ్‌ను 1931లో ఉరితీశారు. ఢాకా యూనివర్సిటీలో భౌతిక శాస్త్రవేత్త సత్యేంద్రనాథ్ బోస్‌కు భాను అంటే ప్రత్యేక అభిమానం. కానీ హాస్యంలో ఆయనకు అసలు గురువులు పాత ఢాకా గుర్రబ్బండ్ల వాళ్లు. బేరమాడే బాబుల్ని ఒక్క మాటతో కూలదోసే చమత్కారం వాళ్లది. ఆ మాట, ఆ విరుపు భాను చెవిలో ఉండిపోయాయి.

1941లో ఢాకా వదిలి కలకత్తా చేరుకున్నారు. పగలు ఇనుము-ఉక్కు నియంత్రణ కార్యాలయంలో ఉద్యోగం, మిగతా సమయంలో ఒంటరిగా వేదికెక్కి నవ్వించడం. 1943లో వచ్చిన హాస్య రికార్డు 'ఢాకార్ గాడోయాన్' ఆ బండివాళ్ల గురించే. దాంతో గొంతు ఇల్లిల్లూ చేరింది.

నాలుగేళ్లకు దేశం రెండయింది. తూర్పు బెంగాల్ నుంచి లక్షలాది శరణార్థులు కలకత్తాకు తరలివచ్చారు. స్థానికులు వాళ్లను 'బాంగాల్' అని ఎగతాళి చేసేవారు, నోరు విప్పితే యాస పట్టిచ్చేది. చాలామంది దాన్ని దాచుకునే ప్రయత్నంలో ఉంటే, భాను అదే యాసను తెరపైకి తెచ్చారు. 1953లో 'షాడే చుయాత్తర్' వచ్చింది. ఉత్తమ్ కుమార్, సుచిత్రా సేన్ తొలిసారి జంటగా నటించిన చిత్రమది. అందులో మెస్‌లో ఉండే కుర్రాడిగా భాను, మాల్‌పోవా తింటానని పిన్నిగారిని అడుగుతాడు. కలకత్తా వాళ్లు 'ఖాబో' అనేచోట 'ఖాము' అంటాడు. అంతే, హాలంతా నవ్వులు. సినిమాలో ప్రేమజంట ఉండగా జనం ఈ ఒక్క మాటను ఇంటికి తీసుకెళ్లారు. ఆ నవ్వులో వెక్కిరింత ఎంత, మమకారం ఎంత అని తేల్చడం కష్టం. నా మటుకు, ఆ కుర్రాడు తన యాసకు సిగ్గుపడకపోవడమే అక్కడి విశేషం.

తర్వాత ఆయన పేరే సినిమా టైటిల్ అయింది: 'భాను పేలో లాటరీ', జహర్ రాయ్‌తో 'భాను గోయెందా జహర్ అసిస్టెంట్'. అయితే గుర్తింపు తెచ్చిన యాసే ఆయన్ను కట్టేసింది కూడా. 1959లో 'నిర్ధారిత శిల్పీర్ అనుపస్థితితే'లో గంభీర పాత్ర చేసి చూపించినా నిర్మాతలు మళ్లీ హాస్యానికే పిలిచారు. అరవయ్యో దశకం చివర్లో నటుల సంఘం చీలినప్పుడు ఉత్తమ్ కుమార్ వర్గం వైపు వెళ్లకుండా పాత సంఘంలోనే నిలిచారు, అవకాశాలు తగ్గాయి. ఆయన జాత్రా బృందంతో ఊళ్లు తిరిగారు. సినిమా తార చేసే పని కాదని కొందరు అనుకుని ఉండొచ్చు. వేదికమీద ఒంటరిగా నిలబడి మొదలుపెట్టినవాడికి మాత్రం అది కొత్త కాదు.

1983 మార్చి 4న కలకత్తాలో కన్నుమూశారు. ఆయన రికార్డులు సరిహద్దుకు రెండువైపులా ఇప్పటికీ వింటూనే ఉన్నారు.