పేదల నడక తప్పించాలని రైలు కోసం పోరాడిన పియర్సన్

ప్రపంచంలో మొట్టమొదటి భూగర్భ రైలు 1863 జనవరి 10న లండన్ నగరంలో నడిచింది. ఆ రైలు కోసం పదిహేడేళ్లు పోరాడిన చార్లెస్ పియర్సన్ మాత్రం దానిని కళ్లారా చూడలేదు. అంతకు నాలుగు నెలల ముందే కన్నుమూశారు. ఆయన ఇంజనీరు కాదు. రైలు కంపెనీ యజమానీ కాదు. వృత్తిరీత్యా న్యాయవాది.

పియర్సన్ 1793 అక్టోబరు 4న లండన్‌లోనే జన్మించారు. తండ్రి పరుపులు, కుర్చీలకు మెత్తలు కుట్టించి అమ్మే వ్యాపారి. న్యాయవాద వృత్తి చేపట్టిన పియర్సన్ అన్యాయం కనబడితే ఊరుకునే మనిషి కాదు. 1666లో లండన్‌ను దహించిన అగ్నిప్రమాదానికి క్యాథలిక్కులే కారకులని అక్కడి స్మారక స్తంభం మీద చెక్కి ఉండేది. ఆ నిందను చెరిపించటానికి పాటుపడ్డారు. నగరంలో యూదులకు దళారీ వ్యాపారం చేసుకునే హక్కు కోసం కృషి చేశారు. 1839లో నగర పాలక సంస్థకు న్యాయవాదిగా నియమితులై చనిపోయేవరకు ఆ పదవిలో ఉన్నారు. 1847 నుంచి 1850 వరకు పార్లమెంటు సభ్యులుగా కూడా పనిచేశారు.

ఊరు పెరిగింది, దారి పెరగలేదు

1801లో సుమారు పది లక్షలున్న లండన్ జనాభా 1851 నాటికి పాతిక లక్షలు దాటింది. వ్యాపారమంతా నగరం నడిబొడ్డున చదరపు మైలు మేర ఉన్న సిటీ ప్రాంతంలోనే సాగేది. రైళ్లు మాత్రం ఊరి అంచున ఆగిపోయేవి. అక్కడి నుంచి లోపలికి రావాలంటే గుర్రపు బండి ఎక్కాలి, లేదా నడవాలి. బండి కిరాయి కూలివాడికి అందేది కాదు. అందువల్ల పేదలు పనికి దగ్గరగా మురికి పేటల్లో, ఒక్కో గదిలో ఒక్కో కుటుంబం చొప్పున కిక్కిరిసి బతికేవారు. దూరంగా వెళ్లి మంచి గాలిలో ఉందామంటే పని పోతుంది.

దీనికి పియర్సన్ 1845లో ఒక ఉపాయం చెప్పారు. ఫ్లీట్ లోయ వెంబడి నేల కింద రైలు వేసి, ఫారింగ్డన్ వద్ద పెద్ద స్టేషను కట్టాలన్నారు. పొగ బాధ లేకుండా గాలి ఒత్తిడితో రైలు నడపవచ్చని భావించారు. ఊరికి ఆరేడు మైళ్ల దూరంలో పనివారికి తోటలున్న ఇళ్లు కట్టి, తక్కువ చార్జీతో రోజూ తీసుకురావాలన్నది ఆ పథకంలో ముఖ్యాంశం. పత్రికలు ఎగతాళి చేశాయి. 1846లో ప్రభుత్వ కమిషన్ ఆ పథకాన్ని తోసిపుచ్చింది.

లెక్కలతో జవాబు

ఆయన వెనక్కు తగ్గలేదు. సిటీలోకి వచ్చే దారులన్నింటి వద్ద మనుషులను పెట్టి, వచ్చేవారిని లెక్క కట్టించారు. రోజుకు 2 లక్షల మంది కాలినడకన, 44 వేల మంది గుర్రపు బస్సుల్లో, 26 వేల మంది సొంత లేక అద్దె బండ్లలో వస్తున్నట్లు తేలింది. నడిచే వారే ఎక్కువని రుజువైంది. 1854లో పార్లమెంటు మెట్రోపాలిటన్ రైల్వేకు అనుమతి ఇచ్చింది. అయితే క్రిమియా యుద్ధం రోజుల్లో పెట్టుబడి పుట్టలేదు. కంపెనీ మూతపడే స్థితిలో పియర్సన్ నగర పాలక సంస్థను ఒప్పించి 2 లక్షల పౌన్ల వాటాలు కొనిపించారు. ఆ సొమ్ముతో పథకం బతికి బయటపడింది.

1860లో పని మొదలైంది. జాన్ ఫౌలర్ ఇంజనీరు. రోడ్డును కందకంలా తవ్వి, ఇరుపక్కలా ఇటుక గోడలు లేపి, పైన కమాను కట్టి, మట్టి కప్పి మళ్లీ రోడ్డు వేశారు. 1862 జూన్‌లో ఫ్లీట్ మురుగు కాలువ తెగి తవ్విన చోటంతా నీట మునిగింది. మళ్లీ సరిచేశారు. ఆ ఏడాది సెప్టెంబరు 14న పియర్సన్ మరణించారు. కంపెనీ ఇవ్వజూపిన బహుమానాన్ని, తాను నగర పాలక సంస్థ ఉద్యోగినన్న కారణంతో ఆయన బతికుండగానే తిరస్కరించారు. ఆయన భార్యకు తర్వాత ఏటా 250 పౌన్ల భరణం ఏర్పాటైంది.

పాడింగ్టన్ నుంచి ఫారింగ్డన్ వరకు నాలుగు మైళ్లకు కాస్త తక్కువ దూరం. తొలిరోజే సుమారు 38 వేల మంది ఎక్కారు. నడిపింది ఆవిరి ఇంజన్లనే. సొరంగంలో పొగ తప్పలేదు.

అయితే ఆయన కోరినదంతా జరగలేదు. దూరాన కట్టాలన్న ఇళ్లు కాగితం మీదే ఉండిపోయాయి. పైగా ఈ దారి కోసం, కొత్త రోడ్ల కోసం ఫ్లీట్ లోయలో కూల్చినవి పేదల కొంపలే. అద్దెకున్న వారిలో చాలామందికి పరిహారం లేదు. వారు పక్క పేటల్లోనే మరింత ఇరుకున సర్దుకున్నారు.

చార్జీ విషయంలో మాత్రం ఆయన మాట నెగ్గింది. 1864లో కంపెనీ తెల్లవారుజామున పనివారి రైళ్లు ప్రారంభించి, రానూ పోనూ కలిపి 3 పెన్నీలు తీసుకుంది. 1883లో పార్లమెంటు చట్టం చేసి రైలు కంపెనీలన్నీ పనివారికి చౌక రైళ్లు నడిపేలా ఏర్పాటు చేసింది. పియర్సన్ పోరాడి వేయించిన ఆ దారిలో నేటికీ రైళ్లు తిరుగుతున్నాయి.