బోదకాలు మందు వెనుక తెలుగు వైద్యుడు యల్లాప్రగడ

మచిలీపట్నం: కృష్ణా దిగువ డెల్టాలో బోదకాలు అంటే తెలియనివారు అరుదు. అర్ధరాత్రి వేళ ఆరోగ్య సిబ్బంది వచ్చి వేలికొన నుంచి రక్తపు చుక్క తీసుకున్న సంగతి మచిలీపట్నం, గుడివాడ, దివిసీమ ప్రాంతాల పెద్దలకు పరిచితమే. అయితే ఆ వ్యాధికి నేటికీ వాడుతున్న డీఈసీ మందు వెనుక తెలుగు శాస్త్రవేత్త డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు ఉన్నారని తెలిసిన విద్యార్థులు తక్కువే.

సోదరుల మరణం

సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. మెట్రిక్యులేషన్ గట్టెక్కడానికి మూడుసార్లు ప్రయత్నించవలసి వచ్చింది. మద్రాసు వైద్య కళాశాలలో చదువుతూ ఖాదీ ధరించినందుకు ఆంగ్లేయ ఆచార్యుని ఆగ్రహానికి గురయ్యారు. ఫలితంగా ఎంబీబీఎస్‌కు బదులు ఎల్‌ఎంఎస్ పట్టాతో సరిపెట్టుకున్నారు. చిన్నపేగును దెబ్బతీసి, తిన్నది ఒంటబట్టనీయని స్ప్రూ వ్యాధి ఆయన సోదరులిద్దరినీ కొద్దిరోజుల తేడాతో బలిగొంది. వారిని దక్కించుకోలేకపోయిన వేదన ఆయనను పరిశోధన వైపు నడిపింది.

రాత్రి కొలువు.. పగలు పరిశోధన

1922 అక్టోబరులో బోస్టన్ చేరి హార్వర్డ్‌లో ఉష్ణమండల వ్యాధులను అధ్యయనం చేశారు. పొట్ట గడవడానికి రాత్రిపూట ఆసుపత్రిలో సహాయకుడిగా పనిచేశారు. సైరస్ ఫిస్కేతో కలిసి రక్తంలో భాస్వరాన్ని కొలిచే విధానాన్ని 1925లో రూపొందించారు. కండరాలకు శక్తినిచ్చే ఏటీపీపై కీలక పరిశోధన జరిపారు. 1940లో లెడర్లీ సంస్థ పరిశోధన బాధ్యతలు చేపట్టారు.

అక్కడ ఆయన నేతృత్వంలోని బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. 1947లో హెట్రజాన్ పేరిట డీఈసీ వెలువడింది. అదే ప్రయోగశాలలో వృక్షశాస్త్రవేత్త బెంజమిన్ డగ్గర్ మట్టిలోని ఒక సూక్ష్మజీవి నుంచి బంగారు వన్నె గల ఆరియోమైసిన్‌ను వెలికితీశారు. 1948లో లోకానికి తెలిసిన ఈ ఔషధమే టెట్రాసైక్లిన్ కుటుంబంలో మొదటిది. సోదరులను బలిగొన్న స్ప్రూకు నేడు ఇచ్చే చికిత్స ఫోలిక్ ఆమ్లం, టెట్రాసైక్లిన్‌లే కావడం విశేషం.

దోమను అరికడితేనే..

బోదకాలు శాపమూ కాదు, వంశపారంపర్యమూ కాదు. దారపు పోగు వంటి ఫైలేరియా పురుగు లసిక నాళాల్లో చేరడమే దానికి కారణం. దాని పిల్లలు రాత్రివేళ రక్తంలో సంచరిస్తాయి. అందుకే పరీక్ష రాత్రి చేస్తారు. మురుగునీటిలో పెరిగే క్యూలెక్స్ దోమ రోగిని కుట్టి ఆ పిల్లలను పీల్చుకుని, కొన్నాళ్లకు మరొకరికి చేరవేస్తుంది. డీఈసీ ఈ పిల్లలను సంహరించి వ్యాప్తిని అడ్డుకుంటుంది. అయితే ముదిరిన వాపును తగ్గించలేదు. కాలు వాచకముందే, ఆరోగ్యంగా కనిపించేవారు సైతం మాత్ర మింగాలని వైద్యులు చెప్పేది ఇందుకే. 2004లో దేశంలో ప్రారంభమైన సామూహిక మాత్రల పంపిణీకి ఆధారం ఈ సూత్రమే. మురుగు నిల్వ ఉండకుండా చూడటం, సెప్టిక్ ట్యాంకు గొట్టాలకు వల కట్టడం ఇంటింటా చేయదగిన పనులు.

సుబ్బారావు 1948 ఆగస్టులో 53 ఏళ్ల వయసులో న్యూయార్క్‌లో కన్నుమూశారు. స్వదేశానికి తిరిగి రాలేదు. 1953లో ఒక శిలీంధ్రానికి సుబ్బారోమైసిస్ అని ఆయన పేరు పెట్టారు. 1995లో భారత తపాలా శాఖ స్మారక బిళ్ల విడుదల చేసింది. సూక్ష్మజీవుల పాఠం చెప్పే ఉపాధ్యాయులకు ఆయన జీవితానికి మించిన ఉదాహరణ లేదు. రోగాన్ని తెచ్చే జీవులనూ, రోగాన్ని మాన్పే జీవులనూ ఒకే కథలో చూపవచ్చు.