ఓడలో వంగిన మోకాళ్లు

1928లో కెనడాకు వెళుతున్న ఓడలో ఆరాధన జరుగుతోంది. ప్రసంగం సాగుతుండగా పాతికేళ్ల పంజాబీ యువకుడొకడు హాయిగా నిద్రపోయాడు. మెలకువ వచ్చేసరికి చుట్టూ అందరూ మోకరించి ఉన్నారు. లేచి వెళ్లిపోదామంటే రెండువైపులా మనుషులు. క్రైస్తవులంటే అతనికి గిట్టదు. బడిలో బహుమతిగా ఇచ్చిన బైబిలును చించేసి, తోలు అట్ట బాగుందని దాన్ని మాత్రం దాచుకున్న ఘనుడు. అయినా మసీదుల్లో, గుళ్లలో మర్యాద పాటించాను కదా, ఇక్కడ గర్వం దేనికనుకుని తానూ మోకరించాడు. అంతే, ఎన్నడూ ఎరుగని ఆనందమేదో లోపల నిండింది. యేసు నామం పదేపదే పెదవుల మీదికి వచ్చింది. ఆ యువకుడే భక్త సింగ్.

ఇప్పుడు పాకిస్తాన్‌లో ఉన్న జోయా గ్రామంలో 1903 జూన్ 6న ఒక సిక్కు కుటుంబంలో ఆయన పుట్టారు. 1926లో ఇంజినీరింగ్ చదువుకు లండన్ వెళ్లి కింగ్స్ కాలేజీలో చేరారు. అక్కడ జుట్టు కత్తిరించుకున్నారు, సిగరెట్టు పట్టారు, దొరల వేషభాషలు నేర్చారు. ఓడలోని అనుభవం ఆయన్ను ఒక్కరోజులో మార్చిందనుకుంటే పొరపాటు. 1929లో పై చదువుకు కెనడాలోని విన్నిపెగ్ చేరాక, ఆ డిసెంబరులో గానీ బైబిలు కావాలని ఒక మిత్రుణ్ణి అడగలేదు. అతడు జేబులో పట్టే కొత్త నిబంధన ఇచ్చాడు. డిసెంబరు 14న చదవడం మొదలుపెట్టి తెల్లవారుజాము దాకా వదల్లేదు. మర్నాడూ అదే పని. యోహాను సువార్త మూడో అధ్యాయంలో యేసు నీకొదేముతో మాట్లాడిన చోటికి వచ్చేసరికి గుండె దడదడలాడింది. ఒకప్పుడు తాను చించిన పుస్తకమిది. తన పాపాలన్నీ అక్కడే ప్రభువుతో చెప్పుకున్నారు. పాస్టరుగా ఈ మాట రాయడం నాకు కాస్త ఇబ్బందే గానీ, ఆ గదిలో పాస్టరు లేడు.

తర్వాత రోజుల్లో గంటల తరబడి బైబిలే లోకమైంది. బాప్తిస్మం 1932 ఫిబ్రవరి 4న వాంకూవర్‌లో జరిగింది. అంటే రెండేళ్లకు పైగా వాక్యంతోనే సహవాసం. ఆ ఏడాదే సేవకు సమర్పించుకుంటూ కొన్ని తీర్మానాలు చేసుకున్నారు. డబ్బు ఎవరినీ అడగకూడదు, ఏ సంస్థకూ కట్టుబడకూడదు, సొంత పథకాలు వేసుకోకూడదు, ఏ రోజు నడిపింపు ఆ రోజే దేవుణ్ణి అడిగి తెలుసుకోవాలి. ప్లాను గీయనిదే పని ముట్టని ఇంజినీరుకు ఇది చిన్న సంగతి కాదు!

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పాలి. సెమినరీలో ప్రార్థన గురించి పేజీలకు పేజీలు రాసి మంచి మార్కులు తెచ్చుకున్నవాణ్ణి నేను. గోదావరిఖనిలో సేవ చేస్తూ కొన్నేళ్లపాటు బైబిలును ఆదివారం ప్రసంగం కోసమే తెరిచాను. మా సంఘంలో బొగ్గుబాయి పనిచేసి రిటైరైన పెద్దాయన ఒకరున్నారు. ఎంత సీనియరైనా షిఫ్టుకు ముందు ల్యాంప్‌రూములో క్యాప్‌ల్యాంపు తీసుకోవాల్సిందేనని, నిన్న వెలిగిన దీపంతో ఇవాళ గనిలోకి దిగలేమని ఒకసారి మాటల మధ్య అన్నారు. తన తెల్లవారుజాము ప్రార్థన గురించి చెబుతూ అన్న మాట అది. అయ్యగారిని తప్పుపట్టాలని ఆయన ఉద్దేశం కాదు. నాకు మాత్రం ఆ రాత్రి నిద్రపట్టలేదు. ఇప్పుడు నోట్సు పుస్తకం పక్కగదిలో వదిలి బైబిలు తెరుస్తున్నాను. మొదటి నెల చాలా కష్టమైంది. దేవునితో ఏం మాట్లాడాలో తోచేది కాదు.

భక్త సింగ్ గారి ఆ సహవాసానికి పరీక్ష బొంబాయిలో ఎదురైంది. 1933 ఏప్రిల్ 6న ఓడ దిగితే తల్లిదండ్రులు ఎదురొచ్చారు. ఏడేళ్లకు చూసిన కొడుకు. యేసును నమ్ముకుంటే నమ్ముకో, ఆ సంగతి బయట చెప్పకుండా ఇంటికి రా అన్నారు. వారు కోరింది పరువు కోసం కాస్త మౌనమే. ఆయనకు అది సాధ్యం కాలేదు. ప్రాణమిచ్చిన ప్రభువును దాచిపెట్టి ఆ ప్రభువుతోనే ప్రార్థనలో ఎలా మాట్లాడగలరు? కన్నవారు ఆయన్ను అక్కడే వదిలి వెళ్లిపోయారు. ఇల్లు లేదు, జీతం లేదు. బొంబాయి వీధుల్లో సువార్త చెప్పడం మొదలుపెట్టారు. కొంతకాలానికి తండ్రి కూడా ప్రభువును నమ్ముకున్నాడు.

1937లో పంజాబులోని మార్టిన్‌పూర్‌లో గొప్ప ఉజ్జీవం వచ్చింది. 1941లో మద్రాసు దగ్గర పల్లావరం కొండమీద రాత్రంతా కొందరితో కలిసి ప్రార్థించాకే 'యెహోవా షమ్మా' సహవాసం మొదలైంది. తర్వాత హైదరాబాదులోని హెబ్రోను కేంద్రమైంది. ఆయన ఇంగ్లీషులో మాట్లాడితే పక్కన మరొకరు తెలుగులో చెప్పేవారు. చాపలమీద కూర్చుని వేలమంది వినేవారు. వెస్లియన్ మిషనరీలు నాటిన సంఘంలో పెరిగిన నాకు, డినామినేషన్ల విషయంలో ఆయన అభిప్రాయాలన్నీ మింగుడుపడవు. ఆయన మోకాళ్ల విషయంలో మాత్రం వాదించడానికి నా దగ్గర ఏమీ లేదు. ఏ ఊరు వెళ్లాలన్నా ముందు ప్రార్థన, జవాబు వచ్చేదాకా ఎదురుచూపు. పిలిచినవారికి అది విసుగు పుట్టించినా సరే.

చివరి ఏళ్లలో పార్కిన్సన్స్ వ్యాధి ఆయన్ను మంచాన పడేసింది. వేలమందికి వినిపించిన గొంతు మూగబోయింది. మోకరించే శక్తి కూడా పోయింది. హెబ్రోనులో సంఘస్థులు బిడ్డల్లా సేవ చేశారు. 2000 సెప్టెంబరు 17న తొంభై ఏడేళ్ల వయసులో ఆయన ప్రభువు సన్నిధికి చేరారు. 22న నారాయణగూడ క్రైస్తవ సమాధుల తోటలో, కన్నవారి ఊరికి ఎంతో దూరంలో, తెలుగు నేలలో ఆయన్ను ఉంచారు.