బొమ్మ రైలుకు గ్యారంటీ ఇచ్చిన గుమాస్తా – ఫ్రాంక్ హార్న్‌బీ

బొమ్మ అంటే నాలుగు రోజులు ఆడుకుని పారేసే వస్తువని మనందరి అభిప్రాయం. తిరునాళ్ళలో కొన్న కీ రైలు ఇంటికి చేరేసరికే ఆగిపోతే, బొమ్మే కదా అని సరిపెట్టుకుంటాం. అలా సరిపెట్టుకోవడానికి ఒప్పుకోని మనిషి ఒకడు ఇంగ్లండులో ఉండేవాడు. పదహారేళ్ళకే బడి మానేశాడు. ఇంజనీరింగ్ చదవలేదు. మాంసం దిగుమతి చేసే ఒక వ్యాపారి దగ్గర లెక్కలు రాసుకునే గుమాస్తా. ఆయనే ఫ్రాంక్ హార్న్‌బీ. మెకానో సెట్లు, హార్న్‌బీ రైళ్ళు, డింకీ కార్లు ఆయన ప్రపంచానికి ఇచ్చినవే.

హార్న్‌బీ 1863 మే 15న లివర్‌పూల్ నగరంలో జన్మించాడు. తండ్రి ఆహార సరుకుల వ్యాపారి. బడి మానేశాక తండ్రి దగ్గరే క్యాషియరుగా చేరాడు. చిన్నప్పటి నుంచీ ఆయనకు యంత్రాల పిచ్చి. ఒకసారి కదిలిస్తే ఎప్పటికీ ఆగకుండా తిరిగే యంత్రాన్ని తయారు చేయాలని కూడా ప్రయత్నించాడు. అది ప్రకృతి ధర్మానికే విరుద్ధం కనుక నెరవేరలేదు. అయితే ఒక సంగతి మాత్రం ఆయనకు తెలిసివచ్చింది. సరైన పనిముట్లు లేకుండా చేతితో కోసిన ముక్కలు ఒకదానితో ఒకటి సరిగా కుదరవు. తల్లో ఉన్న ఆలోచన ఎంత గొప్పదైనా, ముక్క కొలతకు రాకపోతే యంత్రం నడవదు.

1887లో క్లారా అనే ఉపాధ్యాయురాలిని పెళ్ళి చేసుకున్నాడు. 1899లో తండ్రి చనిపోయాడు, వ్యాపారం మూతపడింది. హార్న్‌బీ డేవిడ్ హ్యూ ఎలియట్ అనే వ్యాపారి దగ్గర గుమాస్తాగా చేరాడు. సాయంత్రాలు ఇంటి దగ్గర రేకు కత్తిరించి కొడుకులకు వంతెనలు, బండ్లు, క్రేన్లు చేసిచ్చేవాడు. ఒక్కో బొమ్మకు వేర్వేరు ముక్కలు కొత్తగా కోయాల్సి వచ్చేది. బొమ్మ మీద మోజు తీరితే ఆ ముక్కలు మరి దేనికీ పనికిరావు.

అప్పుడే ఆయనకు అసలైన ఆలోచన వచ్చింది. ప్రతి పట్టీ ఒకే వెడల్పులో ఉండాలి. రంధ్రాలన్నీ అర అంగుళం దూరంలో, ఒకే కొలతలో ఉండాలి. నట్లు, బోల్టులతో బిగిస్తే ఏ పట్టీ అయినా ఏ పట్టీకైనా అతకాలి. ఇరుసు కూడా ఆ రంధ్రాల్లోనే తిరగాలి. అప్పుడు ఈరోజు క్రేన్‌గా ఉన్న ముక్కలే రేపు వంతెన అవుతాయి, ఎల్లుండి రైలు పెట్టె అవుతాయి. పేటెంటు ఖర్చుకు యజమాని ఎలియట్ దగ్గర ఐదు పౌండ్లు అప్పు తీసుకుని 1901 జనవరిలో దరఖాస్తు చేశాడు. ఆ తర్వాత ఎలియట్ భాగస్వామిగా కూడా చేరాడు.

ఈ బొమ్మ వెంటనే లాభాలు తెచ్చిపెట్టలేదు. ముక్కలను బయటి వర్క్‌షాపుల్లో చేయించేవారు. తొలి రోజుల పట్టీలు మొరటుగా ఉండేవి. చివరలు పదునుగా ఉండి గుచ్చుకునేవి, తుప్పు పట్టేవి. ఒక్క రంధ్రం కాస్త పక్కకు జరిగినా బోల్టు దూరదు. ఇంకొకరి చేతిలో తయారయ్యే ముక్కకు తాను ఎలా పూచీ పడాలి? అందుకే 1907లో ఉద్యోగం మానేసి, లివర్‌పూల్‌లో సొంతంగా తయారీ మొదలుపెట్టాడు. అదే ఏడాది మెకానో అనే పేరు రిజిస్టరైంది. మరుసటి ఏడు మెకానో లిమిటెడ్ కంపెనీ ఏర్పడింది. 1914లో బిన్స్ రోడ్‌లో పెద్ద ఫ్యాక్టరీ కట్టారు.

మొదటి ప్రపంచ యుద్ధానికి ముందు బొమ్మ రైళ్ళలో జర్మనీదే పైచేయి. మార్క్లిన్, బింగ్ వంటి జర్మన్ కంపెనీల రైళ్ళు ఐరోపా అంతటా అమ్ముడయ్యేవి. యుద్ధం తర్వాత, 1920లో హార్న్‌బీ తన పేరుతోనే రైళ్ళు తెచ్చాడు. ఇవి కీ ఇస్తే నడిచేవి. పట్టాల మధ్య దూరం 32 మిల్లీమీటర్లు. దీన్ని ఓ గేజ్ అంటారు. తొలి హార్న్‌బీ రైళ్ళ ప్రత్యేకత ఏమిటంటే వాటిని మెకానో పద్ధతిలో నట్లు, బోల్టులతో బిగించారు. పిల్లవాడు స్వయంగా విప్పవచ్చు, పాడైన ముక్క మార్చవచ్చు, మళ్ళీ బిగించవచ్చు. తర్వాత కాలంలో ధర తగ్గించడానికి రేకు చెవులు మడిచి బిగించే రకాలు వచ్చాయి. రేకు చెవిని నాలుగైదు సార్లు విప్పి మడిస్తే విరిగిపోతుంది. బోల్టును ఎన్నిసార్లు విప్పినా ఫర్వాలేదు. ధర తగ్గినప్పుడు ఏం పోతుందో చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ లేదు.

ఇంత చిన్న ఇంజనులో చెడిపోవడానికి ఏముంది అనిపించవచ్చు. కీ తిప్పితే ఉక్కు స్ప్రింగు చుట్టుకుంటుంది. అది విచ్చుకునే బలం పళ్ళచక్రాల ద్వారా ఇరుసుకు అందుతుంది. బలమంతా ఒక్కసారిగా ఖర్చయిపోకుండా ఒక గవర్నరు వేగాన్ని అదుపు చేస్తుంది. ఈ దారిలో ఎక్కడైనా తేడా రావచ్చు. అతిగా తిప్పితే స్ప్రింగు తెగుతుంది. పాత నూనె గట్టిపడితే చక్రాలు బిగుసుకుంటాయి. నేల మీది దారపు పోగులు, వెంట్రుకలు ఇరుసుకు చుట్టుకుంటాయి. రెండు చక్రాల మధ్య దూరం ఒక్క మిల్లీమీటరు మారినా మలుపులో రైలు పట్టాలు తప్పుతుంది. చూసేవారికి ఇంజను పాడైందనిపిస్తుంది. నిజానికి పాడైంది ఒక్క ముక్క మాత్రమే.

హార్న్‌బీ ఈ విషయాన్ని బాగా ఎరిగినవాడు. అందుకే బ్రిటిష్ తయారీ, గ్యారంటీ అనే రెండు మాటలతోనే తన రైళ్ళకు ప్రచారం చేశాడు. చెడిపోయిన ఇంజన్లను బాగుచేసి పంపే విభాగం ఫ్యాక్టరీలోనే ఉండేది. 1916లో మొదలుపెట్టిన మెకానో మ్యాగజైన్ ద్వారా పిల్లలకు యంత్రాల సంగతులు, రైళ్ళను చూసుకునే పద్ధతులు నేర్పేవారు. 1928లో హార్న్‌బీ రైల్వే కంపెనీ పేరుతో పిల్లల క్లబ్బు కూడా పెట్టారు. బొమ్మ అమ్మడంతో తన బాధ్యత తీరిపోయిందని ఆయన అనుకోలేదు.

అలాగని ఆయన కంపెనీ చేసినవన్నీ సరైనవని చెప్పలేం. 1925లో వచ్చిన తొలి విద్యుత్ రైలు లండన్ మెట్రోపాలిటన్ రైల్వే ఇంజనుకు నమూనా. ఇంటి కరెంటును ఒక బల్బు గుండా తగ్గించి నేరుగా పట్టాలకు ఇచ్చేవారు. పిల్లలు ముట్టుకునే పట్టాలకు అది ఎంత ప్రమాదమో చెప్పనక్కరలేదు. తర్వాత ఆ పద్ధతి వదిలేసి, 1930లలో ట్రాన్స్‌ఫార్మరు పెట్టి 20 వోల్టులకు తగ్గించారు.

రెండోది లోహం సంగతి. రైలు సెట్ల పక్కన పేర్చుకోవడానికి మొదలైన చిన్న బొమ్మలే 1934లో డింకీ టాయ్స్ అయ్యాయి. ఆ బొమ్మలనూ, కొన్ని ఇంజన్ల చక్రాలనూ జింకు మిశ్రమంతో పోత పోసేవారు. ఆ మిశ్రమంలో సీసం ఏమాత్రం కలిసినా ఏళ్ళు గడిచేకొద్దీ లోహం ఉబ్బి, పగిలి, చివరకు పొడి అయిపోతుంది. యుద్ధానికి ముందు తయారైన చాలా బొమ్మలకు ఈ గతి పట్టింది. కొన్న రోజున తళతళలాడే చక్రంలో లోపం ఉందని ఎవరికీ తెలియదు. కాలం పెట్టే పరీక్షలోనే అది బయటపడుతుంది.

మెకానో గొప్పతనాన్ని చాటిన సంఘటన కూడా ఆ 1934లోనే జరిగింది. మాంచెస్టర్ విశ్వవిద్యాలయంలో డగ్లస్ హార్ట్రీ, ఆర్థర్ పోర్టర్ కలిసి అవకలన సమీకరణాలను సాధించే యంత్రాన్ని మెకానో ముక్కలతో నిర్మించారు. పిల్లల కోసం చేసిన పట్టీలూ చక్రాలూ శాస్త్రవేత్తల లెక్కలకు అక్కరకొచ్చాయి. కొలత సరిగా ఉన్న వస్తువుకు చిన్న పని, పెద్ద పని అనే తేడా లేదు.

హార్న్‌బీ 1931లో ఎవర్టన్ నియోజకవర్గం నుంచి పార్లమెంటుకు ఎన్నికై 1935 వరకు సభ్యుడిగా ఉన్నాడు. 1936 సెప్టెంబరు 21న మరణించాడు. 1964లో ఆయన కంపెనీ లైన్స్ బ్రదర్స్ చేతుల్లోకి వెళ్ళింది. 1979లో బిన్స్ రోడ్ ఫ్యాక్టరీ మూతపడింది. అయినా నమూనా రైళ్ళ మీద హార్న్‌బీ పేరు ఈనాటికీ ఉంది.

మిత్రులారా, మహనీయుల జీవితాలు చదివేటప్పుడు వాళ్ళకు ఏం దొరికిందో కూడా చూడాలి. హార్న్‌బీ మనలాంటి పేద ఇంటి బిడ్డ కాదు. తండ్రికి వ్యాపారం ఉంది. అవసరానికి ఐదు పౌండ్లు ఇచ్చిన యజమాని ఉన్నాడు. ఆయన రైళ్ళు కూడా కూలీల పిల్లలకు అందే ధరలో లేవు. ప్రకటనలు ఎక్కువగా అబ్బాయిల కోసమే ఉండేవి. ఇవన్నీ ఒప్పుకున్న తర్వాత కూడా ఆయన దగ్గర నేర్చుకోవలసింది ఒకటి మిగులుతుంది.

రైలు పట్టాలు తప్పితే ఆయన రైలును పారేయమనలేదు. విప్పి చూడమన్నాడు. మన హాస్టళ్ళలో ఒక సబ్జెక్టు పోతే చాలు, నాకు చదువు రాదు అని పెట్టె సర్దుకుని ఊరికి వెళ్ళిపోయేవాళ్ళు ఉన్నారు. లెక్కలు రాకపోవడానికి కారణం ఏడో తరగతిలో వదిలేసిన భిన్నాలు కావచ్చు. ఇంగ్లీషు రాకపోవడానికి కారణం ఎవరూ పైకి చదివించకపోవడం కావచ్చు. వదులైన ఆ ఒక్క బోల్టు ఎక్కడుందో వెతకాలి. మనకు దొరక్కపోతే పక్క మంచం మీది సీనియర్‌ని అడగాలి. అడిగించుకునే సీనియర్లు కూడా ఆ పిల్లవాడిని మొద్దు అని పక్కకు నెట్టకుండా, పక్కన కూర్చోబెట్టుకుని విప్పి చూపించాలి.